కవర్ లెటర్: చిన్న మెయిలా, నిండు పేజీయా, కాగితం దరఖాస్తా?

"మాస్టారూ, రెజ్యూమె ఉంది. పైన లెటరేదో పెట్టమన్నారట. అదేటో మీరే కొట్టీండి."

ఒడిశాలోని రాయగడలో డీటీపీ, నెట్ షాపు పెట్టిన నాటి నుంచీ ఈ మాట వింటూనే ఉన్నాను. అడిగేవాళ్లకి అదొక తంతు, రెజ్యూమె మీద మూతలాంటి కాగితం. పక్కింటి కుర్రాడికి కొట్టిందే పేరు మార్చి ఇచ్చేసినా డబ్బులిచ్చి వెళ్లిపోతారు. నేను అలా ఇవ్వను. ముందు కూర్చోబెట్టి, ఎవరికి పంపుతున్నావు, అక్కడ దాన్ని తెరిచేది ఎవరు అని అడుగుతాను. పరవాడలో ఫార్మా కంపెనీకి ఫిట్టరుగా వెళ్లాలనుకునే ఐటీఐ కుర్రాడికి పనికొచ్చే లేఖ, బరంపురంలో ఇంగ్లీషు మీడియం బడికి లెక్కల టీచరుగా వెళ్లాలనుకునే అమ్మాయికి పనికిరాదు. జేకేపూర్‌లో కాంట్రాక్టరు చేతికిచ్చే కాగితాన్ని స్కాన్ చేసి హైదరాబాదు కంపెనీకి మెయిల్ చేస్తే ఎవరూ చదవరు.

షాపు పెట్టకముందు మూడేళ్లు విశాఖ పక్కన ఒక ఫ్యాక్టరీ ఆఫీసులో పనిచేశాను. వచ్చిన దరఖాస్తుల్లో పిలవదగ్గవి ఒక ఫైల్లో, మిగిలినవి ఇంకో ఫైల్లో సర్దడం నా పని. ఒడిశా చిరునామా కనిపిస్తే మా పైఅధికారి ఒక్క క్షణం ఆగేవారు. ఆయనకి మనమీద కోపమేం లేదు. సందేహాలు వచ్చేవి. ఇంత దూరం నుంచి వచ్చి ఇక్కడ నిలబడతాడా? తెలుగు వచ్చా, పనివాళ్లతో ఎలా మాట్లాడతాడు? ఈ సర్టిఫికెట్టు పదో తరగతిదా, ఇంటరుదా? వాటికి జవాబు చెప్పేవాళ్లు ఆ గదిలో ఉండరు. నాకు మాత్రం అందరి సంగతీ ఏం తెలుస్తుంది? ఒక్క వాక్యం రాసి ఉంటే పిలిచేవారు కదా అనిపించిన దరఖాస్తులు ఆ రెండో ఫైల్లోకి నా చేతులమీదుగానే వెళ్లాయి. అది ఇప్పటికీ మనసులో మెదులుతూ ఉంటుంది.

అందుకే ఏ రకం లేఖ రాయాలో తేల్చుకోవడానికి నా దగ్గర ఒకటే కొలత ఉంది. మీ రెజ్యూమె చూసినవాళ్లకి ఎన్ని సందేహాలు వస్తాయో వేళ్లమీద లెక్కపెట్టండి. ఒకటో రెండో అయితే మెయిల్లోనే అయిదారు వాక్యాలు చాలు. మూడు, అంతకు మించి ఉంటే నిండు పేజీ రాయాలి. చదివే మనిషి కంప్యూటరు ముందు కాకుండా గేటు పక్క గదిలో కూర్చునేవాడైతే కాగితమే మంచిది. విజయనగరంలో పుట్టి అక్కడే చదివిన కుర్రాడికి లేని సందేహాలు ఒకటి రెండు మన సరిహద్దు పిల్లలకి అదనంగా ఉంటాయి. అవి తప్పులేం కావు. కాకపోతే మనమే చెప్పాలి, లేదంటే అవతలివాళ్లు తమకు తోచినట్టు ఊహించుకుంటారు.

హెచ్చెస్సీ అంటే పదా, పన్నెండా?

అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసే సందేహం ఇదే, అందుకే ముందు దీని సంగతి చూద్దాం. మన ఒడిశా బోర్డువాళ్లు పదో తరగతికి పెట్టేది హైస్కూల్ సర్టిఫికెట్ పరీక్ష. పొట్టిగా హెచ్చెస్సీ. మహారాష్ట్రలో హెచ్చెస్సీ అంటే పన్నెండో తరగతి. ఆంధ్రా, తెలంగాణల్లో పదో తరగతిని ఎస్సెస్సీ అంటారు, ఆ తర్వాతది ఇంటరు. మన దగ్గర ఆ తర్వాతది ప్లస్ టూ, డిగ్రీ అయితే ప్లస్ త్రీ. "ప్లస్ త్రీ సైన్స్ పాస్" అని రాసి హైదరాబాదు పంపితే, అది మూడేళ్ల బీఎస్సీ అని అక్కడ కూర్చున్నవాళ్లకి తట్టకపోవచ్చు. ఒక అమ్మాయి రెజ్యూమెలో హెచ్చెస్సీ, ప్లస్ టూ రెండూ రాసి ఉంటే, పన్నెండో తరగతి రెండుసార్లు ఎందుకు చదివావని ఫోనులో అడిగారట. ఆ పిల్ల కంగారుపడి సరిగా చెప్పలేకపోయింది.

మందు చిన్నదే. రెజ్యూమెలో బోర్డు పెట్టిన పేరు అలాగే ఉంచండి, సర్టిఫికెట్టుతో సరిపోవాలి కదా. లేఖలో మాత్రం అవతలివాళ్ల మాటలో చెప్పండి. "పదో తరగతి ఒడిశా బోర్డులో, ఇంటర్మీడియట్‌తో సమానమైన ప్లస్ టూ, ఆపైన మూడేళ్ల బీఎస్సీ." అంతే, సందేహం తీరింది.

మహారాష్ట్రలో సిరొంచ, దెగ్లూరు, కిన్వట్ వైపు ఉన్న మన తెలుగువాళ్లకి ఇది తిరగబడుతుంది. వాళ్ల హెచ్చెస్సీ నిజంగానే పన్నెండో తరగతి, ఎస్సెస్సీ పదో తరగతి. తెలంగాణ కంపెనీకి రాసేటప్పుడు "హెచ్చెస్సీ, అంటే మీ ఇంటరు" అని ఒక మాట చేరిస్తే సరిపోతుంది. సిరొంచ నుంచి వంతెన దాటితే తెలంగాణలో కాళేశ్వరం, అయినా సర్టిఫికెట్టుకి అనువాదం కావాలి.

రెండో చిక్కు పేర్లది. మనం ఇంటిపేరు ముందు రాస్తాం. ఇక్కడి బడి రిజిస్టర్లలో అది వెనక్కి పోతుంది. ఒడియా ఉచ్చారణలో "వ" చాలాచోట్ల "బ" అవుతుంది కాబట్టి వెంకటరావు కాస్తా ఒక కాగితంలో బెంకటరావు, ఆధార్‌లో వెంకటరావు. దీన్ని లేఖలో మొదటే ఎత్తుకోవద్దు. సర్టిఫికెట్లు కూడా జతచేసి పంపుతుంటే చివర్లో ఒక వాక్యం చాలు: "నా పదో తరగతి సర్టిఫికెట్టులో పేరు ఫలానా విధంగా ఉంది, ఆధార్‌లో ఫలానా విధంగా ఉంది, రెండూ నావే." రెజ్యూమె ఒక్కటే పంపుతుంటే అదీ అక్కర్లేదు, ఇంటర్వ్యూలో చెప్పుకోవచ్చు.

మెయిల్లోనే రాసే చిన్న లేఖ

నన్నడిగితే ఎక్కువమందికి సరిపోయేది ఇదే. ఫ్యాక్టరీలు, షోరూములు, అకౌంట్స్ ఆఫీసులు, చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలు, ఇలాంటి చోట్ల మెయిల్ తెరిచే మనిషికి ఒక్కో దరఖాస్తు మీద పెట్టడానికి ఎక్కువ సమయం ఉండదు. చాలాసార్లు ఫోనులోనే చూస్తారు. తెరవగానే కళ్లముందు కనిపించే అయిదారు వాక్యాలు చదువుతారు. ఖాళీ మెయిల్ పెట్టి, కింద కవర్ లెటర్ ఒక ఫైలు, రెజ్యూమె ఒక ఫైలు తగిలిస్తే, రెండోది మాత్రమే తెరుస్తారు. మొదటిది రాయడానికి మీరు పడ్డ కష్టం వృథా. కాబట్టి లేఖ విడిగా కావాలని ప్రకటనలో అడిగితే తప్ప, చిన్న లేఖని ఫైలుగా పంపకండి. మెయిల్ ఒళ్లోనే ఉండాలి.

కిందటి వేసవిలో వచ్చిన ఫిట్టరు కుర్రాడి సంగతే తీసుకుందాం. ఐటీఐ అయింది, పేపరు మిల్లులో ఏడాది అప్రెంటిస్ చేశాడు. పరవాడలో ఒక కంపెనీకి పంపాలి. తనే రాసుకొచ్చిన కాగితంలో కష్టపడే స్వభావం, నిజాయితీ, ఏ పని అయినా నేర్చుకునే ఆసక్తి, ఇలా ఉంది. "అది సరే బాబూ, మిల్లులో రోజూ పొద్దున్న వెళ్లగానే నీ చేతికి ఏం పని ఇచ్చేవారు?" అని అడిగాను. అప్పుడు మొదలుపెట్టాడు చూడండి. పంపుల గ్లాండ్ ప్యాకింగ్ ఎలా కోసి ఎలా కూరతారో, బేరింగు వేడెక్కితే చేత్తో పట్టుకునే ఎలా తెలుస్తుందో, కప్లింగు అలైన్‌మెంటుకి డయల్ గేజి ఎలా పెడతారో, పావుగంట చెప్పాడు. ఆ పావుగంట లోంచే లేఖ వచ్చింది. ఇంగ్లీషులో పంపినదాన్ని తెలుగులో చెప్పాలంటే ఇలా ఉంటుంది:

"మీరు ప్రకటించిన ఫిట్టరు ఉద్యోగానికి దరఖాస్తు చేస్తున్నాను. ఐటీఐ ఫిట్టరు ట్రేడు పాసై, పేపరు మిల్లు మెయింటెనెన్స్ విభాగంలో ఏడాది అప్రెంటిస్ చేశాను. పంపుల గ్లాండ్ ప్యాకింగ్, బేరింగులు మార్చడం, కప్లింగు అలైన్‌మెంటు చూడడం అక్కడ నేను రోజూ చేసిన పనులు. మాది రాయగడ, ఇంట్లో తెలుగే మాట్లాడతాం, ఒడియా, హిందీ కూడా వచ్చు. విశాఖలో మా మేనమామగారి ఇంట్లో ఉంటాను కాబట్టి పిలిచిన వారంలో చేరగలను. రెజ్యూమె జత చేశాను."

ఆరు వాక్యాలు. నాలుగో వాక్యం భాష సందేహం తీర్చింది, అయిదోది దూరం సందేహం తీర్చింది. మిగిలినవన్నీ పని గురించే. కష్టపడే స్వభావం అన్న మాట ఎక్కడా లేదు, అయినా చదివినవాళ్లకి అదే కనిపిస్తుంది. సబ్జెక్టు లైన్లో ఉద్యోగం పేరు, ప్రకటనలో కోడ్ ఇచ్చి ఉంటే ఆ కోడ్, మీ పేరు ఉండాలి. "రెజ్యూమె" అని ఒక్క మాట పెట్టి పంపితే ఆ రోజు వచ్చిన అలాంటివాటిలో కలిసిపోతుంది. ఫైలు పేరు కూడా అంతే, "న్యూ డాక్యుమెంట్ 3" అని వదిలేయకండి.

చిరునామా గురించి ఒక మాట. 2022 ఏప్రిల్ 4న ఆంధ్రాలో జిల్లాలు మారాయి. పరవాడ, అచ్యుతాపురం అనకాపల్లి జిల్లాలోకి వెళ్లాయి. పార్వతీపురం, పాలకొండ పార్వతీపురం మన్యం జిల్లాలోకి వచ్చాయి. మన దగ్గర ఇంకా అచ్యుతాపురం విశాఖ జిల్లా అనీ, పార్వతీపురం విజయనగరం జిల్లా అనీ రాసేవాళ్లున్నారు. దీనివల్ల ఉద్యోగం పోదు గానీ, కంపెనీ గురించి ఏమీ చూసుకోకుండా రాశాడన్న అభిప్రాయం కలుగుతుంది.

నిండు పేజీ ఎప్పుడు?

చదువుకి, చేయబోయే పనికి మధ్య చెప్పుకోవలసిన కథ ఉన్నప్పుడు. చదువు మధ్యలో ఆగిందా, ఉద్యోగంలో రెండేళ్ల ఖాళీ ఉందా, ఒక రంగం నుంచి ఇంకో రంగానికి మారుతున్నారా, బడిలో టీచరు ఉద్యోగమా, ఆసుపత్రా, స్వచ్ఛంద సంస్థ ప్రాజెక్టా, ఇలాంటివాటికి పేజీ రాయాలి. పేజీ అంటే పేజీయే. ఇంగ్లీషులో రెండు వందల యాభై, మూడు వందల మాటలు. రెండో పేజీలోకి రెండు వాక్యాలు జారాయంటే ఆ రెండూ తీసేయండి.

గుణుపురం నుంచి ఒకమ్మాయి వచ్చింది. జీఎన్ఎం నర్సింగు చేసి, ఇటే ఒక ఆసుపత్రిలో రెండేళ్లు పనిచేసి, తల్లికి జబ్బుచేస్తే మానేసి ఏడాదిన్నర ఇంట్లో ఉండిపోయింది. ఇప్పుడు పాలకొండ వైపు ఒక ఆసుపత్రికి పంపాలి. వేళ్లమీద లెక్కపెట్టాం. ఏడాదిన్నర ఖాళీ ఎందుకు? ఒడిశా నర్సింగ్ కౌన్సిల్లో నమోదైంది, మరి ఆంధ్రాలో పనిచేయడానికి కుదురుతుందా? ఊరుగాని ఊళ్లో ఒంటరిగా ఎక్కడ ఉంటుంది? తెలుగు రోగులతో మాట్లాడగలదా? నాలుగు. మెయిల్లో ఆరు వాక్యాలకి ఇవి లొంగవు. లొంగించాలని చూస్తే మొత్తం సంజాయిషీలాగే ఉంటుంది, పని గురించి చెప్పడానికి చోటుండదు. నిండు పేజీతో వచ్చే లాభం అదే. సందేహాలకి జవాబులు మధ్యలో ఎక్కడో ఒదిగిపోయి, మొదలూ చివరా పని గురించి ఉంటాయి.

ఆ అమ్మాయి మొదట రాసుకొచ్చిన కాగితం తల్లి జబ్బుతో మొదలైంది. చదువుతుంటే నాకే కళ్లు చెమర్చాయి. కానీ దాన్ని మూడో పేరాలోకి దించాం. "కుటుంబ కారణంగా ఏడాదిన్నర విరామం తీసుకున్నాను, ఇప్పుడు ఆ బాధ్యత తీరింది, రాత్రి డ్యూటీలకి కూడా సిద్ధమే" అని ఒక్క వాక్యం చేశాం. విరామాన్ని దాచకూడదు, అలాగని మొదటే పెట్టకూడదు. ఆ పక్కనే "ఒడిశా కౌన్సిల్లో నమోదు ఉంది, ఆంధ్రా కౌన్సిల్లో నమోదుకి దరఖాస్తు పెట్టాను" అన్నది ఇంకో వాక్యం. నిజంగా పెట్టాకే రాయించాను.

మరి మొదటి పేరాలో ఏం పెట్టాలి? మాటల్లో మాటగా అడిగితే, వార్డులో కొండ ఊళ్లవాళ్లు ఎక్కువగా వచ్చేవారనీ, వాళ్లతో మాట్లాడీ మాట్లాడీ సవర భాష కొంత వచ్చిందనీ చెప్పింది. "మాత్ర ఎప్పుడు వేసుకోవాలి, తిన్నాకా తినకముందా, ఎక్కడ నొప్పి, ఇంతవరకూ వచ్చు మాస్టారూ, అదేం భాష వచ్చినట్టు కాదుగా" అంది. రెజ్యూమెలో ఆ మాటే లేదు. మన గుణుపురం కొండల్లో ఉన్న సవరలే అటు సీతంపేట కొండల్లోనూ ఉన్నారు. పాలకొండ ఆసుపత్రికి వచ్చేది వాళ్లే. నర్సుకి నాలుగు సవర మాటలు రావడమంటే అక్కడ ఎంత విలువో ఆ పిల్లకి తట్టలేదు. మొదటి పేరాలో మూడో వాక్యంగా అది పెట్టాం, వచ్చినంతే వచ్చని. ఇంటర్వ్యూలో మొదటి ప్రశ్న దానిమీదే వచ్చిందని తర్వాత ఫోను చేసి చెప్పింది.

హద్దు పక్కన పెరగడాన్ని మనం లోపంలా మోస్తాం. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడినప్పుడు జయపురం జమీ ప్రాంతం విశాఖపట్నం జిల్లా నుంచి విడిపడి కొరాపుట్ జిల్లా అయింది. మన రాయగడ జిల్లా దానిలోంచి 1992లో వచ్చింది. గీత మారింది గానీ సంతకొచ్చే మనుషులు మారలేదు. రెండు భాషల్లో బేరమాడగలగడం, మూడో భాషలో నమస్కారం పెట్టగలగడం ఇక్కడ అందరికీ ఉన్నదే కాబట్టి మనకి గొప్పగా అనిపించదు. గేటు అవతలివాళ్లకి అది దొరకని సరుకు. అల్యూమినా, ఫెర్రో అల్లాయ్ ఫ్యాక్టరీలకి సరుకు తోలే లాజిస్టిక్స్ ఆఫీసులు, రెండు రాష్ట్రాల్లో డీలర్లున్న విత్తనాల కంపెనీలు, బ్యాంకు కరస్పాండెంట్లు, వీటన్నిటికీ ఆ మాట మొదటి పేరాలోనే చెప్పండి.

కాగితం మీద ఇచ్చేది

పాతకాలం పద్ధతి అని కొట్టిపారేయకండి. మిల్లు కాంట్రాక్టర్లు, నర్సింగ్ హోములు, ప్రైవేటు బడులు, పెట్రోలు బంకులు, వీళ్లు ఇప్పటికీ చేతికిచ్చిన కాగితమే చూస్తారు. ఇక్కడ లేఖ పొడుగు అరపేజీ. తేదీ, ఎవరికి, విషయం, రెండు పేరాలు, సంతకం, ఫోను నంబరు. ఫోను నంబరు కొంచెం పెద్దక్షరాల్లో పెట్టిస్తాను, ఆ కాగితం గోడ మేకుకి గుచ్చినా దూరం నుంచి కనిపించాలి. సంతకం నీలి సిరాతో చేయండి, జిరాక్సు కాదని తెలుస్తుంది. చిన్న తరగతుల టీచరు ఉద్యోగానికైతే చేత్తో రాయమంటాను, దస్తూరి బాగుంటేనే. బడి నడిపేవాళ్లు దస్తూరి చూస్తారు.

మాట తీరు కూడా మారుతుంది. ఊళ్లో బడి కరస్పాండెంటుగారికి "గౌరవనీయులైన" అని మొదలుపెడితే బాగుంటుంది. కంపెనీకి అదే వినయంతో "ఐ మోస్ట్ హంబ్లీ బెగ్ టు స్టేట్" అని రాస్తే ఎబ్బెట్టుగా ఉంటుంది. పాత టైపు ఇన్‌స్టిట్యూట్ల నుంచి వచ్చిన ఆ వాక్యం ఇంకా మన ఊళ్లలో తిరుగుతూనే ఉంది. ఉద్యోగానికి అడుక్కోనక్కర్లేదు, అడిగితే చాలు.

ఒక్కటి మాత్రం నా మాట వినండి. కాగితం ఇచ్చేటప్పుడు రెండు కాపీలు పట్టుకెళ్లి, రెండోదానిమీద అందినట్టు సంతకమో స్టాంపో వేయించుకోండి. చదువు అవగానే నేను ఒక ఆఫీసులో దరఖాస్తు ఇచ్చి, మొహమాటపడి స్టాంపు అడగలేదు. ఇంటర్వ్యూలు అయిపోయాక వెళ్లి కనుక్కుంటే, ఆ పేరుతో కాగితమే రాలేదన్నారు. చూపించడానికి నా చేతిలో ఏమీ లేదు. ఇచ్చిన రోజు వాన, తడవకుండా చొక్కా లోపల పెట్టుకుని తీసుకెళ్లాను, అదంతా గుర్తుంది. గుర్తుంటే ఏం లాభం?

పోర్టళ్లు, వాట్సాప్, సర్కారు ఫారాలు

నౌకరీ, లింక్డిన్ లాంటివాటిలోనూ, పెద్ద కంపెనీల సొంత పోర్టళ్లలోనూ లేఖకి ఒక డబ్బా ఇస్తారు. చిన్న మెయిల్ కోసం రాసినదే అందులో పెట్టండి, కాకపోతే నోట్‌ప్యాడ్‌లో వేసి అక్కడి నుంచి కాపీ చేయండి, వర్డ్ నుంచి నేరుగా వేస్తే చుక్కలూ గీతలూ చెదురుతాయి. ప్రకటనలో వాడిన పని మాటలే మీరూ వాడండి, అక్కడ మొదటి జల్లెడ మనిషి పట్టకపోవచ్చు.

వాట్సాప్‌లో మూడు వాక్యాలు, కింద పీడీఎఫ్, చాలు. లేఖ తయారీకనో, రిజిస్ట్రేషనుకనో, సెక్యూరిటీ డిపాజిట్టనో డబ్బు అడిగితే అక్కడితో ఆపేయండి. మన దగ్గర పిల్లలు ఇలా పోగొట్టుకోవడం కళ్లారా చూశాను.

ఒడిశా సర్కారు ఉద్యోగాలకి కవర్ లెటరుతో పనిలేదు, ఫారమే అన్నీ చెబుతుంది. తెలుగు మీడియంలో చదివిన పిల్లలు అక్కడ చూసుకోవలసింది ఒడియా షరతు. ఒడియా చదవడం, రాయడం, మాట్లాడడం రావాలి, ఏడో తరగతి స్థాయిలో ఒడియా ఒక భాషగా పాసై ఉండాలి. లేకపోతే దానికి సమానమైన పరీక్ష రాసి పాసవ్వాలి. ఎంత మంచి లేఖ రాసినా ఆ లోటు తీరదు.

ఏ భాషలో?

ప్రకటన ఏ భాషలో ఉంటే ఆ భాషలో. తొంభై శాతం ఇంగ్లీషే అవుతుంది. ప్రకటన ఒడియాలో వస్తే ఒడియాలో, తెలుగు పండితుల పోస్టులకీ తెలుగు పత్రికలకీ తెలుగులో. షాపువాళ్లతో తెలుగో ఒడియానో కొట్టిస్తే, యూనికోడ్‌లో కొట్టమని చెప్పండి. అను ఫాంట్లలో కొట్టిన తెలుగు, ఆకృతి ఫాంట్లలో కొట్టిన ఒడియా, ఆ ఫాంటు లేని కంప్యూటర్లో తెరిస్తే పిచ్చి గీతల్లా కనిపిస్తాయి. ఆ ఫాంట్లే ఉంటే పీడీఎఫ్ చేసి పంపండి, వర్డ్ ఫైలు పంపకండి.

భాషల గురించి రాసే వాక్యంలో మన పిల్లలు ఎక్కువగా తడబడతారు. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా. మాట్లాడడం తేనెలా వస్తుంది, అక్షరాలు రావు. అయినా రెజ్యూమెలో "తెలుగు: చదవడం, రాయడం, మాట్లాడడం" అని పెట్టేస్తారు, ఒప్పుకోవడానికి సిగ్గు. తీరా అక్కడ గోడమీద తెలుగు నోటీసు చదవమంటే తల దించుకోవాలి. అబద్ధం చెప్పించుకోవలసినంత పెద్ద లోటా అది? "తెలుగు మా మాతృభాష, ధారాళంగా మాట్లాడతాను, ఒడియా మీడియంలో చదివినందువల్ల తెలుగు రాయడం ఇప్పుడు నేర్చుకుంటున్నాను" అని రాస్తే ఏ కంపెనీ కాదంటుంది? ఆ వాక్యం రాశాక చాలామంది నిజంగానే నేర్చుకోవడం మొదలుపెట్టారు. షాపులో ఒక పెద్దబాలశిక్ష పెట్టాను, కావలసినవాళ్లు పట్టుకెళ్తారు.

నమూనా లేఖా, చాట్‌జీపీటీనా, సొంతమా?

నమూనా లేఖ చూసి అమరిక నేర్చుకోండి, మాటలు మాత్రం తీసుకోవద్దు. చాట్‌జీపీటీ, జెమినీ లాంటివి ఇంగ్లీషు తప్పులు దిద్దడానికి బాగా పనికొస్తాయి, నేనూ రోజూ వాడుతున్నాను. కానీ "నాకో కవర్ లెటర్ రాయి" అని అడిగితే, అది మీ గురించి తెలియకుండానే మీ గురించి రాసేస్తుంది. ఇద్దరు పినతండ్రి పిల్లలు ఒకే రోజు, ఒకే ఉద్యోగానికి లేఖలు ప్రింటు తీసుకోవడానికి వచ్చారు. ఫోన్లోంచి ఎవరికి వారు తెచ్చుకున్నవే. మొదటి వాక్యం అక్షరం పొల్లుపోకుండా ఒకటే. ఒకడు వెల్డరు, రెండోవాడు ఎలక్ట్రీషియను.

నేను చెప్పే పద్ధతి ఇది. ముందు మీ పని గురించి మీ భాషలో, నోటికి వచ్చినట్టు, ఫోనులో రికార్డు చేయండి. ఆ ఫిట్టరు కుర్రాడు నాకు చెప్పినట్టు. దాంట్లోంచి నాలుగు వాక్యాలు ఏరి కాగితంమీద పెట్టండి. ఆ తర్వాతే యంత్రానికి ఇచ్చి, "కొత్త విషయం చేర్చకుండా ఇంగ్లీషు మాత్రం సరిచెయ్యి" అనండి. తిరిగొచ్చినదాన్ని పైకి చదవండి. ఇంటర్వ్యూలో మీ నోటితో చెప్పలేని మాట ఏదైనా ఉంటే కొట్టేయండి. పంపేముందు కంపెనీ పేరు ఒక్కసారి వేలుపెట్టి చూసుకోండి, ఒకరికి రాసింది ఇంకొకరికి పంపడం నేను చూసిన తప్పుల్లో అన్నిటికంటే ఎక్కువసార్లు జరిగేది.

పంపాక వారం, పది రోజులు ఆగి ఒక్కసారి మర్యాదగా గుర్తుచేయండి, అదే మెయిల్ కింద. అప్పటికీ జవాబు లేకపోతే వదిలేసి ఇంకోదానికి రాసుకోండి.

చివరికి ఎప్పుడూ చిరునామా దగ్గర పేచీ వస్తుంది. "మాస్టారూ, రాయగడ తీసేసి మా మావయ్య విశాఖ అడ్రస్ పెట్టీమంటారా?" అని అడుగుతారు. 765తో మొదలయ్యే పిన్‌కోడు చూస్తే పక్కన పెట్టేస్తారని భయం. పెట్టేసేవాళ్లూ ఉన్నారు, నేను కాదనను. అయినా తీసెయ్యవద్దంటాను. ఆధార్, సర్టిఫికెట్లు అన్నీ రాయగడ అంటుంటే లేఖ ఒక్కటే విశాఖ అంటే అనుమానం ఇంకా పెరుగుతుంది. సంతకం కింద రెండు వరుసలు పెట్టిస్తాను. మొదటిది ఇల్లు: ఫలానా వీధి, రాయగడ, ఒడిశా, 765001. దాని కిందది ఉద్యోగమొస్తే ఉండబోయే చోటు: మావయ్యగారి ఇల్లు, గాజువాక. మావయ్యకి ముందు ఫోను చేసి అడిగాకే ఆ రెండో వరుస కొడతాను.